ప్లగ్గు పోతే ప్లగ్గే, థ్రెడ్ పోతే హెడ్డే

ప్రశ్న: నాది ఎనిమిదేళ్ల నాటి పెట్రోల్ పికప్ ట్రక్. ఆరు సిలిండర్ల ఇంజన్. 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. స్పార్క్ ప్లగ్గులు ఇంతవరకూ మార్చలేదు. ఖాళీగా వెళ్తే బాగానే ఉంటుంది. వెనక లోడు వేసి ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం కుదుపులు, పికప్ ఉండదు. చిన్న స్కానర్ పెట్టి చూస్తే పి0303 అని కోడ్ వచ్చింది. ప్లగ్గులు ఇంట్లో నేనే మార్చుకుందామని ఉంది. సాకెట్ సెట్ ఉంది, స్కూటర్ ప్లగ్గు చాలాసార్లు మార్చాను. మా బావమరిది మాత్రం "ముట్టుకోకు, ప్లగ్గు ఇంజన్ హెడ్‌లోనే (సిలిండర్ల మీది మూతలోనే) విరిగి కూర్చుంటుంది" అని భయపెడుతున్నాడు. ఒక స్నేహితుడేమో ప్లగ్గు మరకి, అదే థ్రెడ్‌కి, గ్రీజు రాసి బలంగా బిగిస్తే చాలంటాడు. మూడో సిలిండర్‌ది ఒక్కటి మారిస్తే సరిపోదా? పాతవాటిని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వాడుకోవచ్చా? అసలు ఇది ఇంట్లో చేయదగ్గ పనేనా?

సమాధానం: మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. చేయదగ్గ పనే. మీ బావమరిది భయంలో కొంత నిజం ఉంది. మీ స్నేహితుడి సలహా మాత్రం పక్కన పెట్టేయండి, ఎందుకో తర్వాత చెబుతాను.

పికప్ ట్రక్కుకి పికప్ లేదన్న మాట చదివి కాస్త నవ్వుకున్నాను, ఏమీ అనుకోకండి. కానీ మీరు గమనించి రాసిన ఆ లక్షణంలోనే సగం జవాబు ఉంది. ఖాళీ బండిలో కనబడని లోపం లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకు బయటపడుతోంది? ప్లగ్గు చేసే పని ఒక్కటే. రెండు లోహపు మొనల మధ్య మిల్లీమీటరు అటూ ఇటూగా ఉన్న సందులో నిప్పురవ్వ పుట్టించాలి. ఆ సందులో ఉన్న గాలి, పెట్రోలు ఎంత గట్టిగా నొక్కుకుని ఉంటే, వాటిని చీల్చుకుని రవ్వ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. ఖాళీ బండిలో యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే చాలు, సిలిండర్‌లోకి పోయే గాలి తక్కువే. లోడుతో ఎత్తు మీద అడుగుకంటా తొక్కినప్పుడు సిలిండర్ నిండా గాలి దూరుతుంది, ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే అరిగిన ప్లగ్గు చేతులెత్తేస్తుంది.

అరగడమంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. రవ్వ దూకిన ప్రతిసారీ మొన నుంచి కంటికి కనబడనంత లోహం ఎగిరిపోతుంది. మీ బండి సగటున గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, నిమిషానికి 2000 చుట్ల చొప్పున తిరిగిందనుకోండి. లక్ష కిలోమీటర్లకు ఒక్కో ప్లగ్గు దాదాపు 10 కోట్ల సార్లు వెలిగి ఉంటుంది. కొత్తలో 1.1 మిల్లీమీటర్లున్న సందు వెడల్పవుతుంది. పదునుగా ఉండాల్సిన అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. కరెంటు పదునైన అంచు నుంచి తేలిగ్గా దూకుతుంది, మొండి అంచు నుంచి దూకాలంటే మొరాయిస్తుంది. అంటే అవసరమైన వోల్టేజీ రెండు వైపుల నుంచీ పెరిగిందన్నమాట. ఆ వోల్టేజీని ప్లగ్గుకి అందించే కాయిల్ ఇవ్వగలిగిన దానికి ఒక హద్దుంది. ఆ హద్దు దాటిన క్షణాన రవ్వ పుట్టదు, ఆ సిలిండర్ మిస్ కొడుతుంది, మీకు సీట్లో కుదుపు తెలుస్తుంది.

పి0303లో చివరి అంకె సిలిండర్ నంబరు. మూడో సిలిండర్ మిస్సవుతోందని మాత్రమే దాని అర్థం. ప్లగ్గు పోయిందని అది చెప్పడం లేదు. కారణం కాయిల్ కావచ్చు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కావచ్చు. కానీ ఎనిమిదేళ్లుగా మార్చని ప్లగ్గులు పెట్టుకుని వేరే కారణాలు వెతకడంలో అర్థం లేదు. పైగా ఆరూ ఒకే రోజు ఇంజన్‌లోకి వెళ్లాయి, ఒకే దూరం తిరిగాయి. మూడోది ముందుగా చెప్పేసింది, మిగతా ఐదూ చెప్పబోతున్నాయి. ఆరూ మార్చండి. ఒక్కదాని కోసం విప్పినా సగం సామాను విప్పాల్సిందే కదా.

గరుకు కాగితం సంగతి. నికెల్ మొన ప్లగ్గుల కాలంలో అందరం రుద్దినవాళ్లమే. మీ బండిలో ఉన్నవి బహుశా ఇరీడియం లేదా ప్లాటినం మొనవి. లక్ష దాటి నడిచాయంటేనే అది తెలుస్తోంది, మామూలు నికెల్‌వి అయితే ఈపాటికి రెండుసార్లు మార్చాల్సి వచ్చేది. ఇరీడియం 2,400 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు. అందుకే మొనను అర మిల్లీమీటరు మందం తీగలా సన్నగా చేయగలిగారు. అంత సన్న మొన మీద గరుకు కాగితం ఆడిస్తే పోయేది మసి ఒక్కటే కాదు. వైరు బ్రష్ ఇంకా ప్రమాదం. దాని లోహపు పొడి తెల్ల పింగాణీకి అంటుకుని కరెంటుకు అడ్డదారి చూపిస్తుంది. పాతవి పాతవే, వదిలేయండి.

కొత్తవి కొనేటప్పుడు బండి మాన్యువల్‌లో రాసిన నంబరుదే తీసుకోండి. పొడవు, మర చుట్టు, అడుగు ఆకారం అన్నీ కుదిరినా వేడి శ్రేణి తేడా ఉండవచ్చు. లోపలి వేడిని ప్లగ్గు ఎంత త్వరగా హెడ్‌కి పంపిస్తుందన్నదే ఈ శ్రేణి. మొన మరీ చల్లగా ఉంటే మసి పేరుకుంటుంది. సుమారు 450 డిగ్రీలు దాటితే ఆ మసిని తనే కాల్చేసుకుంటుంది. 850 డిగ్రీలు దాటితే రవ్వ రాకముందే పెట్రోలు అంటుకునే ప్రమాదం. ఇక్కడో తిరకాసు ఉంది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో అంకె పెరిగితే చల్లని ప్లగ్గు. బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగితే వేడి ప్లగ్గు. ఒక కంపెనీ అంకెను పట్టుకుని ఇంకో కంపెనీది కొన్నారంటే సరిగ్గా తలకిందులు అవుతుంది. కొట్టు అబ్బాయి "అన్నీ ఒకటే సార్" అంటే నవ్వి ఊరుకుని, మీ నంబరే అడగండి.

ఎన్ని కావాలో కూడా ముందే లెక్క చూసుకోండి. మీ ఆరు సిలిండర్ల దానికి ఆరే కావచ్చు గానీ, సిలిండర్‌కి రెండేసి ప్లగ్గులున్న ఇంజన్లూ ఉన్నాయి. ర్యామ్ పికప్పుల్లో వచ్చే 5.7 లీటర్ల హెమీ వి8కి ఎనిమిది సిలిండర్లు, పదహారు ప్లగ్గులు. ఇది చదువుతున్న డీజిల్ పికప్ యజమానులు ఎవరైనా ఉంటే, మీరు పేజీ తిప్పేయవచ్చు. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్గే ఉండదు. ఉండేది గ్లో ప్లగ్గు, దాని పని వేరు, విప్పే జాగ్రత్తలూ వేరు.

డబ్బు పెట్టే ముందు ఒక సాయంత్రం బానెట్ ఎత్తి, టార్చ్ పట్టుకుని పావుగంట ఊరికే చూడండి. ఈ పని మీరు చేయాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది. పికప్పుల్లో ఇంజన్ చాలా వరకు నిలువుగా, ముందు నుంచి వెనక్కి ఉంటుంది. కార్లలోలా అడ్డంగా ఇరికించినట్టు ఉండదు. ఇది మీకు కలిసొచ్చే విషయం. రెండు పక్కలా మూడేసి కాయిళ్లు పైకి కనబడుతూ, వేళ్లు ఆడేంత చోటుంటే నిశ్చింతగా దిగండి. డాష్‌బోర్డు వైపు గోడ పక్కన ఉండే ఆఖరివి రెండూ ఎప్పుడూ కష్టమే, వాటిని చూసి మొత్తం పని అంచనా వేయకండి. అలా కాకుండా కాయిళ్ల మీదుగా గాలి వెళ్లే పెద్ద గొట్టాల అమరిక, అంటే ఇన్‌టేక్ ప్లీనం పరుచుకుని ఉంటే, అది విప్పితే తప్ప ప్లగ్గులు అందవు. విప్పితే కొత్త గాస్కెట్లు వేయాలి, బోల్టులు చెప్పిన వరుసలోనే బిగించాలి. విప్పినంతసేపూ తెరుచుకున్న ఇంజన్ నోళ్లలో శుభ్రమైన గుడ్డలు కుక్కి ఉంచాలి, ఒక్క నట్టు లోపల పడిందంటే కథ మారిపోతుంది. మొదటిసారి చేసేవారికి నేనైతే ఆ రకం ఇంజన్ సిఫారసు చేయను. మెకానిక్ దగ్గరకు వెళ్లడం ఓటమేమీ కాదు.

ఇక విరిగిపోవడం. మీ బావమరిది ఎక్కడో విని ఉంటారు. ఫోర్డ్ పికప్పుల్లో వచ్చిన 5.4 లీటర్ల మూడు వాల్వుల వి8 ఇంజన్ ఈ విషయంలో పేరుమోసింది. దాని ప్లగ్గు రెండు ముక్కలుగా తయారై, కింది గొట్టం లాంటి భాగం పొడవుగా హెడ్‌లోకి దిగి ఉండేది. ఆ గొట్టం చుట్టూ కార్బన్ పేరుకుని అతుక్కుపోవడంతో, తిప్పినప్పుడు పైముక్క చేతికొచ్చి కిందిది లోపలే ఉండిపోయేది. దాన్ని తీసే పద్ధతిని కంపెనీయే విడిగా మెకానిక్‌లకు పంపాల్సి వచ్చింది. మీది ఆ ఇంజన్ కాదు. అయినా ఎనిమిదేళ్లు కదలని ఉక్కు ప్లగ్గు, అల్యూమినియం హెడ్ ఒకదాన్నొకటి తేలిగ్గా వదులుకోవు. అందుకే ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాకే ముట్టుకోవాలి. రాత్రి పార్క్ చేసి తెల్లారి మొదలుపెట్టడం అన్నిటికన్నా మేలు. వేడిగా ఉన్నప్పుడు అల్యూమినియం థ్రెడ్ మెత్తగా ఉండి, ప్లగ్గుతోపాటు ఊడి వస్తుంది. ప్లగ్గు పాడైతే ఇంకో ప్లగ్గు పెడతారు. థ్రెడ్ పాడైతే హెడ్‌కి రిపేరు. ఈ పనిలో భయపడాల్సిందల్లా ఈ ఒక్కదానికే.

సామాను విషయానికొస్తే మీ సాకెట్ సెట్ ఒక్కటే చాలదు. ప్లగ్గు సాకెట్ విడిగా కావాలి. ఎక్కువ బళ్లకు 16 మిల్లీమీటర్లది సరిపోతుంది, కొన్ని కొత్త ఇంజన్లకు పలచటి గోడ ఉన్న 14 మిల్లీమీటర్లది పడుతుంది. లోపల రబ్బరు ఉన్న సాకెట్ కన్నా అయస్కాంతం ఉన్నది కొనండి. రబ్బరుది కొత్త ప్లగ్గును బిగించాక వదలదు. పైకి లాగితే సాకెట్ లోపలే ఉండిపోయి ఎక్స్‌టెన్షన్ రాడ్ ఒక్కటే చేతికొస్తుంది. ఆ లోతు బొరియలోంచి సాకెట్‌ని బయటికి తీయడానికి నేను ఒకసారి గంట కష్టపడ్డాను. ఆ తర్వాత నుంచి సాకెట్‌నూ రాడ్‌నూ కలిపి టేపు చుట్టేస్తున్నాను. రెండు సైజుల ఎక్స్‌టెన్షన్లు, మెడ తిరిగే జాయింటు ఒకటి, కాయిల్ బోల్టుల కోసం 8, 10 మిల్లీమీటర్ల సాకెట్లు, ఎంత బిగువు పడుతోందో చూపించే టార్క్ రెంచ్, ఒక జానెడు రబ్బరు పెట్రోల్ గొట్టం దగ్గర పెట్టుకోండి. గొట్టం ఎందుకో కాసేపట్లో. టార్క్ రెంచ్ కొనడం దండగ అనిపిస్తే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి, లేకుండా మాత్రం మొదటిసారి దిగకండి.

తాళం తీసి జేబులో వేసుకోండి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పేయండి. ఒకేసారి ఆరు కాయిళ్లూ పీకి కుప్ప పోయవద్దు. ఒక సిలిండర్ విప్పడం, మార్చడం, మూసేయడం, తర్వాతే పక్కదానికి వెళ్లడం. కాయిల్ కనెక్టర్‌కి చిన్న నొక్కుడు నాలుక ఉంటుంది. ఎనిమిదేళ్ల వేడికి ఆ ప్లాస్టిక్ అప్పడంలా పెళుసుబారి ఉంటుంది. మెల్లగా నొక్కి కనెక్టర్‌నే పట్టుకుని తీయాలి, వైర్లు పట్టి లాగకూడదు. బోల్టు తీశాక కాయిల్‌ని అటూ ఇటూ కొంచెం తిప్పితే లోపలి రబ్బరు బూటు పట్టు వదులుతుంది, అప్పుడు నిటారుగా పైకి లాగండి.

కాయిల్ తీయగానే సాకెట్ దించాలని చేయి లాగుతుంది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అన్నారు. ముందు ఆ బొరియలోకి టార్చ్ వేసి చూడండి. ఇసుక, ఎండుటాకుల పొడి, తుప్పు రజను ఏదైనా కనబడుతుంది. ప్లగ్గు ఊడిన మరుక్షణం అదంతా సిలిండర్‌లోకి పోతుంది. కంప్రెసర్ గాలితోనో, చేతిపంపుతోనో బాగా ఊదేయండి, కళ్లకు అద్దాలు పెట్టుకుని మరీ. బొరియలో నూనె నిలిచి ఉంటే అది ప్లగ్గు తప్పు కాదు, పైనున్న వాల్వ్ కవర్ సీలు లీకవుతోంది. నూనెను గుడ్డతో పీల్చేసి పని కానివ్వండి గానీ, ఆ సీలు మార్చకపోతే కొత్త కాయిల్ బూటు కూడా నాని పాడవుతుంది.

ఇప్పుడు విప్పడం. మొదటి కదలికకు కొంచెం బలం పడుతుంది, 'టక్' మని చిన్న చప్పుడుతో వదులుతుంది. ఆ తర్వాత తేలిగ్గా రావాలి. వదిలాక కూడా బిగుసుకుంటూ, కిచకిచమంటూ వస్తుంటే అక్కడే ఆగండి. పావు చుట్టు వెనక్కి, అంటే బిగించే వైపుకి తిప్పండి. తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు ప్లగ్గు మెడ చుట్టూ వేసి, పావుగంట వేరే సిలిండర్ చూసుకోండి. తర్వాత కొంచెం విప్పడం, కొంచెం బిగించడం, మళ్లీ కొంచెం ఎక్కువ విప్పడం. ఇలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే థ్రెడ్‌లో ఇరుక్కున్న కార్బన్ పొడి రాలిపోతుంది. ప్లగ్గులు విరిగేది, థ్రెడ్లు ఊడేది చాలావరకు ఇక్కడ ఒక్క పట్టు బలంగా లాగినప్పుడే. ఎంత ఆడించినా కదలకపోతే తిరిగి బిగించేసి మెకానిక్ దగ్గరకు బండి నడుపుకుంటూ వెళ్లవచ్చు. విరిచేశాక ఆ అవకాశం ఉండదు.

తీసిన ప్లగ్గుల్ని పారేయకండి. ఒక అట్టపెట్టెకు ఆరు రంధ్రాలు చేసి, సిలిండర్ నంబర్లు వేసి వరుసగా గుచ్చండి. నంబర్ల లెక్క ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. కొన్నిటిలో 1, 2, 3 ఒక పక్క, కొన్నిటిలో 1, 3, 5 ఒక పక్క. మీ మూడోది ఎక్కడుందో మాన్యువల్ చూసే రాయండి. ఇంజన్ లోపల ఏం జరుగుతోందో ఈ ఆరూ చెబుతాయి. మొన దగ్గర లేత గోధుమరంగో, బూడిదరంగో ఉంటే ఆరోగ్యం. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువ కాలుతోంది, లేదా బండి ఎప్పుడూ ఇంజన్ వేడెక్కనంత చిన్న దూరాలే తిరుగుతోంది. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్ లోపలికి వస్తోంది. పింగాణీ సున్నంలా తెల్లబడి బొబ్బలెత్తినట్టుంటే బాగా వేడెక్కుతోంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ప్లగ్గు పైభాగంలో, పింగాణీ లోహంలో దిగే చోట గోధుమరంగు వలయం కనబడితే కంగారు పడకండి. గాలి లీకవుతోందని చాలామంది అనుకుంటారు. అది అధిక వోల్టేజీ చుట్టూ నూనె ఆవిరి, దుమ్ము చేరి పడే మరక, అంతే. కానీ పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిల్ గీత లాంటి నల్లగీత ఉంటే మాత్రం, కరెంటు మొన దాకా పోకుండా బయటి నుంచే పారిపోయిందని గుర్తు. మీ మూడోదాని మీద ఆ గీత కోసం ప్రత్యేకంగా చూడండి. ఉంటే ఆ కాయిల్ రబ్బరు బూటు లోపల కూడా అదే గీత ఉంటుంది. బూటు మార్చకుండా ప్లగ్గు ఒక్కటే మారిస్తే, కొత్తది కూడా కొద్ది రోజుల్లోనే అదే బాట పడుతుంది.

కొత్త ప్లగ్గుల సందు ఫ్యాక్టరీలోనే పెట్టి వస్తుంది. ఒకసారి తీగ గేజ్‌తో మాన్యువల్ అంకెకు సరిపోయిందో లేదో చూడండి. నాణెంలా ఉండే గుండ్రటి గేజ్‌ని సందులో దూర్చి మెలితిప్పవద్దు, ఇరీడియం మొన పుటుక్కున విరుగుతుంది. తేడా ఉంటే పైకి వంగిన పక్క మొననే మెల్లగా వంచాలి. చేయి జారి కింద పడ్డ ప్లగ్గు ఎంత బాగున్నట్టు కనిపించినా వాడకండి. ఈ మాట ఎవరో చెప్పగా విన్నది కాదు. నేను పడేసిన ఒకదాన్ని తుడిచి పెట్టేశాను. రెండు రోజులకే ఇంజన్ మిస్సవడం మొదలైంది. కొత్త ప్లగ్గు మీద అనుమానం ఎందుకొస్తుంది? కాయిల్ కొన్నాను, తగ్గలేదు. ఇంజెక్టర్ విప్పించాను, తగ్గలేదు. చివరికి ప్లగ్గు తీసి వెలుతురులో తిప్పి చూస్తే పింగాణీ మీద వెంట్రుకంత పగులు.

పెట్టడం తీయడం కంటే నాజూకు పని. రాచెట్‌ని, అంటే సాకెట్‌ని తిప్పే పిడిని, దూరంగా పెట్టేయండి. రబ్బరు గొట్టాన్ని ప్లగ్గు తలకు తొడిగి బొరియలోకి దించండి. గొట్టాన్ని వేళ్లతో పట్టుకుని ముందు విప్పే దిక్కుకి ఒక చుట్టు తిప్పండి. థ్రెడ్ మొదలు దొరికినప్పుడు ప్లగ్గు కొద్దిగా కిందికి జారినట్టు వేళ్లకు తెలుస్తుంది. అక్కడి నుంచి బిగించే దిక్కుకి తిప్పండి. సరిగ్గా కూర్చుంటే వేళ్ల బలంతోనే అడుగు దాకా పోతుంది. అడ్డంగా ఎక్కితే గొట్టం జారిపోతుంది. గొట్టంలోని గొప్పతనమే అది, థ్రెడ్‌ని చెడగొట్టేంత బలం దానికి లేదు. రాచెట్‌కి ఉంది. వేళ్లతో ఐదారు చుట్లు పోకపోతే బయటికి తీసి మళ్లీ మొదటి నుంచి రండి, పదిసార్లయినా ఫర్వాలేదు.

అడుగు తగిలాక టార్క్ రెంచ్. మాన్యువల్‌లో అంకె ఉంటుంది, అదే వేదం. మామూలుగా అల్యూమినియం హెడ్‌లో వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్ల దానికి 15 నుంచి 20. వాషర్ లేకుండా గరాటులా కోసుగా కూర్చునే రకం ఉంటుంది, దానికి ఇంకా తక్కువ, 14 మిల్లీమీటర్లదానికి కూడా 10 నుంచి 20 చాలు. ఏ కారణం చేతనైనా రెంచ్ పట్టని మూలలో ఉంటే, వాషర్ ఉన్న కొత్త ప్లగ్గు వేళ్ల బిగువు తర్వాత అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు. కోసు రకమైతే పదహారో వంతు చుట్టు, అంటే చేయి కదిలిందా లేదా అన్నంత. స్కూటర్ ప్లగ్గు బిగించిన అలవాటు మీ చేతికి ఉంది కదా, ఆ చేతిని ఇక్కడ నమ్మకండి. పొడుగాటి ఎక్స్‌టెన్షన్ చివర నుంచి బిగువు సరిగ్గా తెలియదు. అలాగని వదులుగా వదిలేసినా ప్రమాదమే. వాషర్ సరిగ్గా నలగకపోతే వేడి హెడ్‌కి పోదు, మొన కాలిపోతుంది, ప్లగ్గు మెల్లగా ఊడిపోతుంది కూడా.

ఇక మీ స్నేహితుడి గ్రీజు. ఇప్పటి ప్లగ్గుల థ్రెడ్ మీద తుప్పు పట్టకుండా, అతుక్కోకుండా పూత వేసే వస్తుంది. దాని మీద గ్రీజు రాస్తే రాపిడి తగ్గిపోతుంది. రెంచ్ మీద 28 అని చూపిస్తున్నా లోపల పడే లాగుడు అంతకు చాలా ఎక్కువ. థ్రెడ్ సాగుతుంది, కొన్నిసార్లు ప్లగ్గు మెడే తెగుతుంది. మీ బావమరిది భయపడుతున్నది సరిగ్గా ఇదే, అది తెచ్చిపెట్టేది మీ స్నేహితుడి వైద్యం. పొడి థ్రెడ్, చెప్పిన బిగువు, అంతే. గ్రీజు రాయాలన్న సరదా ఉంటే వేరే చోట తీర్చుకోండి. కాయిల్ రబ్బరు బూటు లోపలి అంచుకి కరెంటు పారనివ్వని సిలికాన్ గ్రీజు పలచగా, వేలి కొసతో రాస్తే తేమ చేరదు, వచ్చేసారి తేలిగ్గా ఊడుతుంది.

కాయిల్‌ని నిటారుగా నొక్కండి, ప్లగ్గు తలను పట్టుకున్నట్టు తెలుస్తుంది. బోల్టు వేయండి, కనెక్టర్ 'టిక్' మనేదాకా నొక్కి, ఒకసారి మెల్లగా లాగి చూడండి. ఆరూ అయ్యాక ఇంజన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. మునుపటి కన్నా ఎక్కువ వణుకుతోందంటే కనెక్టర్ ఒకటి సరిగ్గా ఎక్కలేదని తొమ్మిదిపాళ్లు నమ్మవచ్చు. ఆపి, అన్నిటినీ మళ్లీ నొక్కండి. ఏ సిలిండర్ పని చేయడం లేదో చూద్దామని ఇంజన్ నడుస్తుండగా కాయిల్ పైకి లాగే పాత చిట్కా మాత్రం వద్దు. అందులో పుట్టేది ఇరవై ముప్పై వేల వోల్టులు, కాయిల్‌కీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలుగుతుంటే నడపవచ్చు. ఆరుతూ వెలుగుతుంటే మాత్రం బండి పక్కకు తీయండి. కాలని పెట్రోలు సైలెన్సర్ గొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతున్నట్టు. ఆ కన్వర్టర్ పోతే ఆరు ప్లగ్గుల ఖర్చు దాని ముందు లెక్కలోకే రాదు.

మొదటిసారి కాబట్టి ఒక పూట కేటాయించుకోండి. ఆఖరి రెండు ప్లగ్గుల దగ్గరే సగం టైము పోతుంది, టెన్షన్ పడవద్దు. పని ముగిశాక స్కానర్‌తో పాత కోడ్ చెరిపేసి, లోడు వేసి అదే ఎత్తు ఎక్కించి చూడండి. కుదుపు పోతే సరే. పి0303 మళ్లీ వస్తే మూడో కాయిల్‌నీ మొదటి కాయిల్‌నీ అటూ ఇటూ మార్చి మళ్లీ ఎక్కించండి. కోడ్ పి0301గా మారితే దోషం కాయిల్‌ది, అదొక్కటి కొనండి. పి0303 గానే ఉంటే ప్లగ్గూ కాదు, కాయిలూ కాదు. ఇంజెక్టరో, వైరో, కంప్రెషనో చూడాలి, అది ఇంటి పని కాదు. అప్పుడు మెకానిక్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ ఆరు పాత ప్లగ్గుల అట్టపెట్టెను కూడా వెంట తీసుకెళ్లండి.